ఫోన్ అప్‌డేట్ అయ్యాక ల్యాప్‌టాప్‌కి నెట్ రావట్లేదు: యూఎస్‌బీ టెథరింగ్, హాట్‌స్పాట్ రెండూ ఆగిపోయాయి

కోనసీమ_గాలి · శనివారం ఉదయం 7:50

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక ఊరు, ఇంటి నుంచే హైదరాబాద్‌లో ఉన్న కంపెనీకి పని చేస్తున్నా. బుధవారం గాలివానకి మా వీధి ఫైబర్ తీగ మీద కొబ్బరి చెట్టు పడి తెగిపోయింది. లైన్ చూసే అతను వచ్చి వారం పట్టొచ్చు అని చెప్పి వెళ్ళాడు. అప్పటి నుంచి ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ మీద పని నడిపిస్తున్నా, గురువారం, శుక్రవారం ఒక్కసారి కూడా ఆగలేదు.

నిన్న రాత్రి ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది, పడుకునే ముందు ఓకే నొక్కేశాను. పొద్దున లేచి చూస్తే యూఎస్‌బీ టెథరింగ్ అనే బటన్ బూడిద రంగులో ఉండిపోయింది, నొక్కినా ఆన్ అవ్వదు. పోనీ వైఫై హాట్‌స్పాట్ పెడదాం అంటే ల్యాప్‌టాప్‌లో దాని పేరే కనపడట్లేదు. విచిత్రం ఏమిటంటే మా అబ్బాయి ఫోన్‌లో అదే హాట్‌స్పాట్ కనపడుతోంది, కలుస్తోంది, వీడియోలు కూడా వస్తున్నాయి.

ల్యాప్‌టాప్ విండోస్ 10, ఎనిమిదేళ్ళ కిందటిది. ఫోన్ ఆండ్రాయిడ్, కంపెనీ పేరు ఎందుకులెండి. రెండూ రెండుసార్లు ఆపి ఆన్ చేశాను. సోమవారం ఉదయం 9 గంటలకి క్లయింట్‌తో మీటింగ్ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి.

టెక్_బాబాయ్ · శనివారం ఉదయం 8:05

అప్‌డేట్ తర్వాత ఇలాంటివి మామూలే అండీ. ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేయండి, అన్నీ శుభ్రంగా సర్దుకుంటాయి. నేను ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ అదే చేస్తాను.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం ఉదయం 8:12

అక్కా, దయచేసి ఫ్యాక్టరీ రీసెట్ జోలికి పోకండి. నాది వరంగల్‌లో మొబైల్, ల్యాప్‌టాప్ రిపేర్ షాపు, పదకొండేళ్ళ నుంచి ఇదే పని. రీసెట్ కొట్టి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. ఫొటోలు బ్యాకప్‌లో ఉంటాయనే అనుకుందాం. యూపీఐ యాప్‌లన్నీ మళ్ళీ సిమ్‌తో రిజిస్టర్ చేసుకోవాలి. ఆఫీసు లాగిన్‌కి ఆథెంటికేటర్ యాప్ వాడుతుంటే అందులో కోడ్లు బ్యాకప్ లేకపోతే పోయినట్టే. నెట్ బాగు చేసుకోబోయి సోమవారం లాగినే అవ్వలేని పరిస్థితి వస్తుంది.

బాబాయ్ గారూ, మీ మీద కోపం కాదు. కానీ ఎక్కడ తెగిందో తెలియకుండా అంత పెద్ద పని చెప్పకూడదండి, అవతల వాళ్ళ ఉద్యోగం ఉంది.

అక్కా, మీకు రెండు వేర్వేరు సమస్యలు ఉన్నట్టు ఉంది. కేబుల్ సంగతి వేరు, హాట్‌స్పాట్ సంగతి వేరు. ముందు కేబుల్ చూద్దాం. ఫోన్ కలపగానే పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగితే "ఈ పరికరం యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోంది" లాంటి మాట ఉంటుంది కదా, దాన్ని నొక్కితే ఫైల్ ట్రాన్స్‌ఫర్, యూఎస్‌బీ టెథరింగ్, ఫొటోలు అని వరస వస్తుంది. మీకు వస్తోందా? ఇంకో మాట, ఇది నిన్న వాడిన కేబులేనా?

కోనసీమ_గాలి · శనివారం ఉదయం 8:31

ఆ వరసే రావట్లేదు తమ్ముడూ. ఛార్జింగ్ గుర్తు మాత్రం వస్తోంది. నోటిఫికేషన్లలో యూఎస్‌బీ అన్న మాటే లేదు.

కేబుల్ అంటే... నిన్నటిది మా అబ్బాయి తీసుకెళ్ళాడు, ఇది టేబుల్ మీద ఉన్న ఇంకోటి. ఇయర్‌బడ్స్ డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్. ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి బాగానే ఉందనుకున్నా.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం ఉదయం 8:38

అదే అక్కా! ఛార్జింగ్ ఎక్కడం వేరు, డేటా పోవడం వేరు. మామూలు యూఎస్‌బీ 2 కేబుల్ కోసి చూస్తే లోపల నాలుగు తీగలు ఉంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి, తెలుపు, ఆకుపచ్చ డేటాకి. ఇయర్‌బడ్స్, ట్రిమ్మర్లు, చేతి ఫ్యాన్లు, వీటితో వచ్చే చవక కేబుళ్ళలో చాలావాటికి ఆ తెలుపు, ఆకుపచ్చ తీగలే వెయ్యరు. ఫోన్‌కి కరెంటు అందుతుంది, కానీ అవతల ఒక కంప్యూటర్ ఉందన్న సంగతే తెలియదు, అందుకే బటన్ బూడిద రంగులో ఉండిపోతుంది. మా షాపుకి యూఎస్‌బీ సమస్య అని వచ్చేవాటిలో నేను మొదట మార్చి చూసేది కేబులే.

నిన్నటి కేబుల్ తెప్పించండి. ల్యాప్‌టాప్‌కి నేరుగా పెట్టండి, మధ్యలో యూఎస్‌బీ హబ్ వద్దు.

ఉబుంటు_వాడుకరి · శనివారం ఉదయం 9:02

కేబుల్ మార్చాక కూడా రాకపోతే ఒక చిట్కా. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఊరికే ట్రై అన్న మోడ్‌లో ల్యాప్‌టాప్ తెరిచి ఫోన్ కలపండి. లినక్స్ కెర్నల్‌లోనే, అంటే దాని మూల భాగంలోనే, ఆండ్రాయిడ్ టెథరింగ్‌కి కావలసిన డ్రైవర్లు (పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉంటాయి, ఏమీ ఎక్కించక్కర్లేదు. అక్కడ నెట్ వచ్చిందంటే ఫోను, కేబులు, సిమ్ము మూడూ బాగున్నట్టు, తప్పు విండోస్‌దే. ఎవరి తప్పో తేల్చుకోవడానికి నేను ఇప్పటికీ ఇదే చేస్తాను. హార్డ్‌డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా కదలదు.

మ్యాక్ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకి ఒక మాట. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు యూఎస్‌బీ టెథరింగ్‌కి ఆర్‌ఎన్‌డీఐఎస్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతి వాడతాయి, మ్యాక్‌లో దానికి డ్రైవర్ లేదు. కొత్త ఫోన్లలో కొన్ని ఎన్‌సీఎం అనే ఇంకో పద్ధతికి మారాయి, అవి మ్యాక్‌లో నేరుగా పని చేస్తాయి. మీ ఫోన్ ఏ పద్ధతో తెలియకపోతే మ్యాక్‌కి వైఫై హాట్‌స్పాటే దారి.

కోనసీమ_గాలి · శనివారం ఉదయం 11:20

పాత కేబుల్ వచ్చింది. బటన్ వెలిగింది!! ఆన్ కూడా అయింది. కానీ ల్యాప్‌టాప్‌లో ఇంకా నెట్ లేదు. కింద మూలన గ్లోబ్ బొమ్మ మీద అడ్డగీత అలాగే ఉంది. ఆన్ చెయ్యగానే టుడూం అని శబ్దం వచ్చింది, మళ్ళీ ఏమీ లేదు. ఇప్పుడు ఏం చూడాలి?

ఓరుగల్లు_రిపేర్ · శనివారం ఉదయం 11:34

శబ్దం వచ్చిందంటే ల్యాప్‌టాప్ ఫోన్‌ని గుర్తుపట్టింది, సగం గెలిచాం. ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్న వరస, అదర్ డివైసెస్ అన్న వరస, రెండూ విప్పి చూడండి. ఎక్కడైనా పసుపు త్రికోణం ఉందా? ఉంటే పక్కన ఏం పేరు రాసి ఉంది?

కోనసీమ_గాలి · శనివారం ఉదయం 11:41

ఉంది. అదర్ డివైసెస్ కింద ఆర్‌ఎన్‌డీఐఎస్ అని ఉంది, దాని మీద పసుపు గుర్తు.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం ఉదయం 11:58

దొరికింది. అప్‌డేట్ తర్వాత ఫోన్ తన గురించి చెప్పుకునే గుర్తింపు మారి ఉంటుంది, విండోస్‌కి అది కొత్త మనిషిలా కనపడింది, ఏ డ్రైవర్ ఇవ్వాలో తెలియక వదిలేసింది. డ్రైవర్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది, నెట్ అక్కర్లేదు, మనం చేత్తో చూపించాలి అంతే.

టెథరింగ్ ఆన్‌లోనే ఉంచండి. ఆ పసుపు గుర్తు ఉన్నదాని మీద కుడి క్లిక్, అప్‌డేట్ డ్రైవర్. రెండు దారులు అడుగుతుంది, రెండోది, బ్రౌజ్ మై కంప్యూటర్. తర్వాతి పేజీలో అడుగున లెట్ మీ పిక్ అని మొదలయ్యే లైను ఉంటుంది, అది నొక్కండి. పరికరాల రకాలు వస్తాయి, నెట్‌వర్క్ అడాప్టర్స్ ఎంచుకోండి. ఎడమవైపు కంపెనీల్లో మైక్రోసాఫ్ట్, కుడివైపు కిందికి జరుపుకుంటూ పోతే రిమోట్ ఎన్‌డీఐఎస్ కంపాటిబుల్ డివైస్ అని దొరుకుతుంది. తొందరపడకండి, ఆ జాబితా చాలా పొడుగు, పేర్లు అన్నీ ఒకేలా ఉంటాయి. అది ఎంచుకుని నెక్స్ట్ అంటే ఈ డ్రైవర్ సరిపోకపోవచ్చు అని ఒక హెచ్చరిక వస్తుంది, ఎస్ అనండి. ఇక్కడ ఎస్ అనడం వల్ల నష్టం లేదు, పని చెయ్యకపోతే అదే కుడి క్లిక్‌తో తీసేయొచ్చు.

డ్రైవర్ కోసం గూగుల్‌లో వెతికి ఏ సైట్ నుంచీ దించుకోకండి. డ్రైవర్ అప్‌డేటర్ పేరుతో తిరిగే సాఫ్ట్‌వేర్లలో ప్రకటనలూ, అంతకంటే చెడ్డవీ ఉంటాయి, మీది ఆఫీసు పని చేసే ల్యాప్‌టాప్.

కోనసీమ_గాలి · శనివారం మధ్యాహ్నం 12:25

వచ్చేసింది!!! ఇది ల్యాప్‌టాప్ నుంచే రాస్తున్నా. తమ్ముడూ, నీకు ఎన్ని దండాలు పెట్టాలో తెలియట్లేదు. పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగలేదు.

కేబుల్ తప్పు నాది, డ్రైవర్ తప్పు అప్‌డేట్‌ది. రెండూ ఒకే పొద్దున వచ్చేసరికి ఒకటే అనుకుని తల పట్టుకున్నా.

కర్నూలు_బీటెక్ · శనివారం మధ్యాహ్నం 1:10

అక్కకి వచ్చినందుకు సంతోషం. నాదీ అప్‌డేట్ తర్వాతే, కానీ వేరే రకం. హాస్టల్‌లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీదే చదువు. రెండేళ్ళు వాడిన ఫోన్‌కి ఆండ్రాయిడ్ పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కి కలుస్తుంది, కనెక్టెడ్ అని చూపిస్తుంది, కానీ కింద నో ఇంటర్నెట్. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి అదే హాట్‌స్పాట్ ఇస్తే వస్తోంది. ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేశాను, సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు అన్నీ పోయాయి కానీ ఇది మాత్రం బాగవ్వలేదు. సోమవారం మినీ ప్రాజెక్ట్ సబ్మిషన్.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం మధ్యాహ్నం 1:22

తమ్మీ, రూమ్మేట్‌కి వస్తోందంటే ఫోన్ మంచిగానే ఉంది, మళ్ళీ దాన్ని ఏమీ చెయ్యకు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టు. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో నీ ల్యాప్‌టాప్ చిరునామా), డీఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌కి దారి, ఇక్కడ నీ ఫోనే), ఈ రెండు అంకెలూ ఇక్కడ రాయి. ఈ అంకెలు బయటివాళ్ళకి తెలిసినా ప్రమాదం లేదు, ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్యే పనికొస్తాయి.

ఈ లోపు చదివేవాళ్ళ కోసం: అడ్రస్ 169.254తో మొదలైతే ల్యాప్‌టాప్ అడిగింది, ఫోన్ నుంచి అడ్రస్ రాలేదు, అందుకని విండోస్ తనకి తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. ఐఫోన్ అయితే అడ్రస్ 172.20.10తో మొదలవుతుంది. ఆండ్రాయిడ్ అయితే మామూలుగా 192.168 అని మొదలయ్యేది వస్తుంది. అడ్రస్ బాగుంటే గేట్‌వేకి పింగ్ కొట్టాలి, అంటే జవాబు వస్తోందా అని చూడాలి, జవాబు వస్తే గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ కొట్టాలి, దానికీ జవాబు వస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అప్పుడు డీఎన్‌ఎస్‌ని, అంటే సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే ఏర్పాటుని, అనుమానించాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసుకుంటే సగం రీసెట్‌లు అక్కర్లేదు.

కర్నూలు_బీటెక్ · శనివారం మధ్యాహ్నం 1:30

ఐపీవీ4 192.168.43.50, గేట్‌వే 192.168.43.1. రూమ్మేట్ దాంట్లో చూస్తే 192.168 తర్వాత 43 కాదు, వేరే అంకె ఉంది. గేట్‌వేకి పింగ్ కొడితే రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

ఉబుంటు_వాడుకరి · శనివారం మధ్యాహ్నం 1:41

నీ అడ్రస్ ఫోన్ ఇచ్చింది కాదు, ఎవరో చేత్తో పెట్టింది. చివర సరిగ్గా 50 ఉండటం చూసే అనుమానం వచ్చింది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్ ఎప్పుడూ 192.168.43.1 మీదే ఉండేది, యూఎస్‌బీ అయితే 192.168.42.129. కొత్త ఆండ్రాయిడ్‌లో ఆ అంకెలు స్థిరంగా ఉండవు, మారుతూ ఉంటాయి. ఎప్పుడైనా వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ చేత్తో పెట్టావా?

కర్నూలు_బీటెక్ · శనివారం మధ్యాహ్నం 1:55

అవునన్నా. మొదటి సంవత్సరంలో ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫైళ్ళు పంపుకోవడానికి ఒక యాప్ వాడాను, దాని కోసం అడ్రస్ మారకుండా పెట్టుకున్నా. ఇన్నాళ్ళూ పని చేసేసరికి ఆ సంగతే మర్చిపోయా. ఇప్పుడు ఆ సెట్టింగ్‌ని ఆటోమేటిక్‌కి మార్చాను, డీఎన్‌ఎస్ కూడా ఆటోమేటిక్. ఒక్క క్షణంలో నెట్ వచ్చేసింది. ఉదయం నుంచీ అప్‌డేట్‌ని వెనక్కి తీసే పద్ధతులు వెతుకుతున్నాను, థాంక్స్ అన్నా.

డల్లాస్_గుంటూరు · శనివారం సాయంత్రం 5:15

నేను డల్లాస్‌లో ఉంటాను, నాన్నగారు గుంటూరులో. ఆయనకి నా పాత ఐఫోన్ ఇచ్చి వచ్చాను, ల్యాప్‌టాప్ విండోస్ 11. నిన్న ఐఫోన్ అప్‌డేట్ అయ్యాక హాట్‌స్పాట్ ల్యాప్‌టాప్‌లో ఒకసారి కనపడుతుంది, ఇంకోసారి కనపడదు. కేబుల్ పెడితే ఏమీ రాదు. వీడియో కాల్‌లో నేను చెప్తుంటే ఆయన ఓపిగ్గా చేస్తున్నారు, కానీ ఆయనకి 71 ఏళ్ళు, ఎక్కువ తిప్పలు పెట్టలేను. ఆ ల్యాప్‌టాప్‌లోనే మాకు రోజూ వీడియో కాల్. ఇక్కడ మా ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కి విడిగా డేటా పరిమితి ఉంటుంది, అలాంటిది ఏమైనా అక్కడ అడ్డుపడుతోందా అని కూడా అనుమానం.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం సాయంత్రం 5:40

అన్నా, డేటా పరిమితి అడ్డమైతే మామూలుగా హాట్‌స్పాట్ పేరు కనపడి, కలిసి, నెట్ రాకుండా ఉంటుంది. పేరు ఒకసారి కనపడి ఇంకోసారి కనపడకపోవడానికి దానితో సంబంధం లేదు. నాన్నగారితో ఇవి చేయించండి.

ఐఫోన్ సెట్టింగ్స్‌లో పర్సనల్ హాట్‌స్పాట్ పేజీ తెరిచి, ల్యాప్‌టాప్ కలిసేదాకా ఆ పేజీ మీదే ఉండమనండి, బయటికి రావద్దు, స్క్రీన్ ఆరిపోనివ్వొద్దు. అదే పేజీలో మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అని ఉంటుంది, ఐఫోన్ 12 నుంచి పైవాటిలో. అది ఆన్ చేస్తే హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై తరంగాల మీదికి వస్తుంది. వేగం కొంచెం తగ్గుతుంది, కానీ గోడ అవతల గదికి కూడా బాగా అందుతుంది.

కేబుల్‌కి అయితే విండోస్‌లో యాపిల్ డ్రైవర్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో యాపిల్ డివైసెస్ యాప్ గానీ ఐట్యూన్స్ గానీ ఎక్కిస్తే అది వస్తుంది. కలపగానే ఫోన్ మీద ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని అడుగుతుంది, ట్రస్ట్ నొక్కి పాస్‌కోడ్ కొట్టాలి. ఫోన్ లాక్ అయి ఉంటే ఆ ప్రశ్న కనపడదు, పెద్దవాళ్ళు తరచూ అక్కడే ఆగిపోతారు.

డల్లాస్_గుంటూరు · శనివారం రాత్రి 9:05

మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేశాక స్థిరంగా కనపడుతోంది, మూడుసార్లు ఆపి చూశాం, మూడుసార్లూ కలిసింది. కేబుల్ సంగతి నేను సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకుంటా. నాన్నగారు మీకు ఆశీస్సులు చెప్పమన్నారు.

కోనసీమ_గాలి · శనివారం రాత్రి 9:20

పైన 2.4 గిగాహెర్ట్జ్ అన్న మాట చదివి నా హాట్‌స్పాట్ గుర్తొచ్చింది. కేబుల్ మీద పని నడుస్తోంది కానీ సోమవారం మీటింగ్‌లో కేబుల్ కదిలితే ఎలా అని భయం. హాట్‌స్పాట్ కూడా వెనక ఉంటే ధైర్యంగా ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో పేరు కనపడకపోవడానికి ఇదే కారణమా? ఇంకో సంగతి గమనించాను, హాట్‌స్పాట్‌కి నేను మా ఊరి పేరు పెట్టుకున్నా, ఇప్పుడు అది పోయి ఫోన్ మోడల్ పేరు ఉంది, పాస్‌వర్డ్ కూడా ఏదో కొత్తది.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం రాత్రి 9:37

పేరు మారిందంటే అప్‌డేట్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్ మొత్తం మొదటికి వచ్చాయి. బ్యాండ్, అంటే వైఫై వాడే తరంగాల వరస, ఇప్పుడు 5 గిగాహెర్ట్జ్ మీద ఉండి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ వైఫై కార్డుకి 2.4 మాత్రమే వచ్చేమో. ఒక పరీక్ష చెప్తా: ఇంట్లో ఫైబర్ ఉన్న రోజుల్లో రౌటర్ రెండు పేర్లు చూపించేదా, చివర 5జీ అని ఒకటి? అది మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా కనపడిందా?

కోనసీమ_గాలి · శనివారం రాత్రి 9:44

ఫోన్లలో రెండు పేర్లు కనపడేవి. ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ ఒకటే.

ఓరుగల్లు_రిపేర్ · శనివారం రాత్రి 9:52

అయితే అదే. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4కి మార్చండి. కొన్ని ఫోన్లలో బ్యాండ్ అని ఉండదు, ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ అని ఒక బటన్ ఉంటుంది, పని అదే. రౌటర్ పేరు చివర కనపడే 5జీకీ, సిమ్ 5జీకీ సంబంధం లేదు, చాలామంది రెండూ ఒకటనుకుని సిమ్‌ని 4జీకి తగ్గించుకుంటారు, అది అక్కర్లేదు.

కోనసీమ_గాలి · శనివారం రాత్రి 10:15

పేరు కనపడింది! కానీ పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా ఈ నెట్‌వర్క్‌కి కలవలేం అంటోంది.

ఉబుంటు_వాడుకరి · శనివారం రాత్రి 10:21

అదే పేజీలో సెక్యూరిటీ అన్నది చూడండి. డబ్ల్యూపీఏ3 (వైఫైకి కొత్త రక్షణ పద్ధతి) అని ఉంటే దాని ముందుదైన డబ్ల్యూపీఏ2 పర్సనల్ చెయ్యండి. పాత వైఫై కార్డులకి డబ్ల్యూపీఏ3 అర్థం కాదు, కానీ ఆ సంగతి చెప్పకుండా కలవలేం అని మాత్రమే అంటాయి. సెక్యూరిటీ ఏదీ లేకుండా మాత్రం పెట్టకండి, పక్కింటివాళ్ళు కూడా మీ డేటా మీదికి వచ్చేస్తారు. ల్యాప్‌టాప్‌లో పాత పేరుని ఫర్గెట్ చేసి మళ్ళీ కలపండి.

కోనసీమ_గాలి · శనివారం రాత్రి 10:40

కలిసింది. ఇప్పుడు రెండు దారులూ ఉన్నాయి. ఇవాళ నిద్రపడుతుంది.

కరీంనగర్_పంతులమ్మ · ఆదివారం ఉదయం 6:30

నేను బడిలో టీచర్‌ని, ఆన్‌లైన్ హాజరు, మార్కుల పని అంతా ల్యాప్‌టాప్‌లో ఫోన్ నెట్‌తోనే. అప్‌డేట్ తర్వాత నాదీ కనెక్టెడ్, నెట్ లేదు. పైన చెప్పిన మెట్లన్నీ చూశాను. అడ్రస్ ఆటోమేటిక్‌గానే వస్తోంది, ఫోన్‌తో సరిపోతోంది, గేట్‌వేకి పింగ్ పోతోంది, 8.8.8.8కి మాత్రం పోదు. ఫోన్‌లో నెట్ బాగుంది. మా వారి ల్యాప్‌టాప్‌లోనూ ఇదే తంతు.

ఓరుగల్లు_రిపేర్ · ఆదివారం ఉదయం 7:48

మేడమ్, ఎంత చక్కగా చూశారు! రెండు ల్యాప్‌టాప్‌లలోనూ ఒకేలా ఉంది, ఫోన్ దాకా పోతోంది, అక్కడి నుంచి బయటికి పోవట్లేదు. అంటే ఈసారి ఫోన్‌లోనే. మొదట డేటా సేవర్ ఆఫ్‌లో ఉందో చూడండి, అది ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్‌కి అడ్డుపడుతుంది.

అదీ కాకపోతే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తుంది. అందులో టెథరింగ్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసి, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి. హాట్‌స్పాట్ నుంచి వచ్చే డేటాని ఫోన్ ప్రాసెసర్ దాకా రానివ్వకుండా మోడెమ్ చిప్ వైపే పంపే ఏర్పాటు అది, బ్యాటరీ తక్కువ అవ్వాలని పెట్టారు. అప్‌డేట్‌లో ఆ దారి చెడితే మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి. ఆఫ్ చేస్తే ఫోన్ కొంచెం వేడెక్కొచ్చు, అంతే. డెవలపర్ ఆప్షన్స్‌లో మిగతావేవీ ముట్టుకోకండి.

కరీంనగర్_పంతులమ్మ · ఆదివారం ఉదయం 8:15

డేటా సేవర్ ఆఫ్‌లోనే ఉంది. రెండోది ఆఫ్ చేసి ఫోన్ ఆన్ చెయ్యగానే నెట్ వచ్చింది. చాలా కృతజ్ఞతలు బాబూ. మా బడిలో ఇంకో ఇద్దరికి ఇదే ఫోన్, వాళ్ళకీ చెప్తాను.

టెక్_బాబాయ్ · ఆదివారం ఉదయం 9:00

నిన్న నేను తొందరపడి చెప్పాను, అది తప్పు సలహా. ఆథెంటికేటర్ సంగతి నాకు తట్టలేదు. అక్క గారూ, క్షమించండి. ఒక ప్రశ్న: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, దాని వల్లే డ్రైవర్ గొడవ వచ్చిందా?

ఉబుంటు_వాడుకరి · ఆదివారం ఉదయం 9:25

ఈ గొడవకి నేరుగా సంబంధం లేదు, ఆర్‌ఎన్‌డీఐఎస్ డ్రైవర్ విండోస్ 10లో ఎప్పటి నుంచో ఉంది. కానీ రేపు ఆమె కొత్త ఫోన్ కొంటే, అది ఎన్‌సీఎం పద్ధతి వాడేదైతే తేడా తెలుస్తుంది. విండోస్ 11లో దానికి డ్రైవర్ లోపలే ఉంది, 10తో మామూలుగా రాదు. అప్పుడు హాట్‌స్పాటే గతి. ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్లు రాని ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని చెయ్యడం గురించి వాళ్ళ కంపెనీతో మాట్లాడుకోవడం మంచిది, అది వేరే సంగతి.

కోనసీమ_గాలి · ఆదివారం మధ్యాహ్నం 3:10

బాబాయ్ గారూ, పర్వాలేదండీ, మీరు సాయం చేద్దామనే చెప్పారు. ల్యాప్‌టాప్ గురించి ఆఫీసులో అడుగుతా.

ఇంకో చిక్కు. నెట్ అంతా బాగుంది, ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రహస్య దారి) కూడా కలుస్తోంది, కానీ కలిశాక చిన్న పేజీలు వస్తున్నాయి, పెద్దవి తెల్లగా తిరుగుతూ ఉండిపోతున్నాయి. మెయిల్ వస్తుంది, అటాచ్‌మెంట్ రాదు. గురువారం, శుక్రవారం ఇలా లేదు. నిన్నటి నుంచి రెండో సిమ్ డేటా వాడుతున్నా, మొదటి దాంట్లో రోజువారీ డేటా అయిపోయింది.

ఉబుంటు_వాడుకరి · ఆదివారం మధ్యాహ్నం 3:32

సిమ్ మారడమే ఆనవాలు. చిన్నవి వెళ్ళి పెద్దవి ఆగిపోతున్నాయంటే ముందు ఎమ్‌టీయూ చూడాలి, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చు అన్న కొలత. మామూలుగా 1500 బైట్లు. కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌లు లోపల ఐపీవీ6 అనే కొత్త అడ్రస్ పద్ధతి మీదే నడుస్తాయి, మన పాత పద్ధతి ఐపీవీ4 ప్యాకెట్‌ని దాంట్లోకి మార్చేటప్పుడు 20 బైట్ల హెడర్ (ప్యాకెట్ ముందుండే అడ్రస్ భాగం) కాస్తా 40 అవుతుంది. దాని మీద వీపీఎన్ తన కవరు తొడుగుతుంది. ఆ లెక్క వీపీఎన్‌కి తెలియకపోతే పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. మీ ఆఫీసు ఐటీ వాళ్ళకి "మొబైల్ డేటా మీద వీపీఎన్ ఎమ్‌టీయూ తగ్గించాలి" అని ఒక్క మాట చెప్పండి, వాళ్ళకి అర్థమవుతుంది. మీరు సొంతంగా మార్చకండి, ఆఫీసు సాఫ్ట్‌వేర్ కదా. అది అయ్యేదాకా మొదటి సిమ్‌కి డేటా ప్యాక్ వేసుకుని దాని మీదే ఉండండి.

ఇంకొకటి, డేటా అంత తొందరగా ఎందుకు అయిపోయిందో చూశారా? ల్యాప్‌టాప్‌కి మీది ఫోన్ నెట్ అని తెలియదు, ఫైబర్ అనుకుని అప్‌డేట్లు, క్లౌడ్ బ్యాకప్ అన్నీ దించుకుంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీకి వెళ్ళి ఆ కనెక్షన్‌ని మీటర్డ్ (డేటా లెక్కగా వాడాల్సినది) అని పెట్టండి. కేబుల్‌కి ఒకసారి, హాట్‌స్పాట్‌కి ఒకసారి విడివిడిగా పెట్టాలి.

కోనసీమ_గాలి · సోమవారం మధ్యాహ్నం 1:45

మీటింగ్ అయిపోయింది. గంటన్నర, ఒక్కసారి కూడా తెగలేదు. కేబుల్ మీదే నడిపాను, హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకున్నా. ఐటీ వాళ్ళు పదిన్నరకి ఫోన్ చేశారు, ఎమ్‌టీయూ 1350కి తగ్గించారు, రెండో సిమ్ మీద కూడా అటాచ్‌మెంట్లు వస్తున్నాయి. మొదటి ప్రశ్నే "ఎవరు చెప్పారండీ ఎమ్‌టీయూ అని?"

మీటర్డ్ పెట్టాక ఉదయం నుంచి 700 ఎంబీ అయింది, మీటింగ్‌తో కలిపి. శుక్రవారం ఇదే సమయానికి 2 జీబీ అయిపోయింది.

పొట్టి కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి ఇయర్‌బడ్స్ డబ్బాలోనే పెట్టేశాను, మా అబ్బాయికి కూడా చూపించాను. ఫైబర్ వాళ్ళు గురువారం వస్తామన్నారు.

ఓరుగల్లు_రిపేర్ · సోమవారం మధ్యాహ్నం 2:05

చాలా సంతోషం అక్కా. గురువారం ఫైబర్ వచ్చాక ఫోన్ బ్యాండ్ 2.4 మీదే వదిలెయ్యండి, మళ్ళీ గాలివాన వస్తే వెతుక్కోకుండా.